నలుపు తెలుపుల 'బాపూజీ'

నాయకుని చిత్రంలో రంగు చేసే పని ఏమిటి? ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ 1801లో వేసిన నెపోలియన్ ముందుకాళ్ళెత్తిన గుర్రంపై ఆల్ప్స్ పర్వతాలు దాటుతూ కనిపిస్తాడు. గాలికి ఎగసే అతని పైవస్త్రపు రంగే చూపరిని మొదట పట్టి నిలుపుతుంది. నిజానికి అతడు ఆ దారిని కంచరగాడిదపై దాటాడు. అక్కడ రంగు జరిగినదాన్ని మరిపించి నాయకుణ్ణి పెంచింది.

నందలాల్ బోస్ 1930లో చేసిన 'బాపూజీ' దీనికి పూర్తిగా ఎదురుదారి. ఉప్పు సత్యాగ్రహ సందర్భంలో పుట్టిన ఈ లినోకట్‌లో ఉన్నవి నలుపు తెలుపులే. చేతికర్ర పట్టి నడిచే ఒక మనిషి తప్ప గుర్రం లేదు, ఆయుధం లేదు, పతాకం లేదు. ఇది రంగు చేతకాని లోపం కాదు. 1938లో హరిపురా కాంగ్రెసు కోసం పల్లె బతుకును నిండు రంగులలో చిత్రించినవాడు ఈ నందలాలే.

నలుపు పరాయి పాలన, తెలుపు సత్యం అని ఈ చిత్రానికి సులువుగా అర్థం చెప్పవచ్చు. మేము దానితో ఏకీభవించలేము. గాంధీజీ దేహం కూడా ఆ నలుపులోనిదే; తెల్లని గీతలు దాని అంచులను, కట్టిన బట్ట మడతలను మాత్రమే చూపుతాయి. నలుపు ఆయనకు శత్రువైతే ఆ దేహమే మిగలదు.

అర్థం ఈ పనితనంలోనే ఉందని మా భావన. లినోలియం పలకపై ఉలితో చెక్కి తీసేసిన చోట సిరా అంటదు; అచ్చులో అదే తెల్లని గీతగా నిలుస్తుంది. అంటే ఇక్కడ మనిషి రూపుకట్టింది తీసివేతతో, చేర్పుతో కాదు. అవసరానికి మించినవన్నీ ఒక్కొక్కటిగా విడిచిన వ్యక్తిని చూపడానికి ఇంతకన్న తగిన పద్ధతి ఉండదు. పైగా ఒక్క పలకతో ఎన్నో ప్రతులు తీయవచ్చు; చిత్రం ఒక్క గోడకే పరిమితం కాదు.

అయితే ఈ తీసివేతకు ఒక మూల్యం ఉంది. 1930 మార్చి 12న సబర్మతి నుండి దండికి బయలుదేరినప్పుడు గాంధీజీ వెంట 78 మంది ఉన్నారు. దాదాపు 240 మైళ్ళు వారూ నడిచారు. చిత్రంలో వారెవరూ లేరు. ఆడంబరాన్ని తొలగించిన ఉలే అనుచరులనూ తొలగించింది. రంగు లేకుండా కూడా నాయకుణ్ణి ఏకాకి మహాపురుషునిగా నిలపవచ్చునని ఈ చిత్రమే నిరూపిస్తున్నది.

అందుచేత తరగతిలో దీన్ని చూపే అధ్యాపకులు ఏ రంగు దేనికి ప్రతీక అన్న పట్టికతో మొదలుపెట్టకపోవడం మంచిది. ఏమి ఉంచారు, ఏమి తీసివేశారు అని విద్యార్థులను అడగాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబు వెదికినప్పుడే ఆ 78 మంది గుర్తుకు వస్తారు.