టోఫు బండి, అప్పుల మస్టాంగు

"రొంతసేపు ఇంజను ఊరికే తిరగనీ నాయనా, అప్పుడే కీ తీయొద్దు." ఘాటెక్కి వచ్చిన లారీని కర్నూలు షెడ్డు ముందర ఆపితే మేస్త్రి నోట ఈ మాట వినాల్సిందే. ఇంజను ఆపగానే నూనె పారడం ఆగిపోతుంది, కాలిపోతున్న టర్బో బేరింగు దగ్గర మిగిలిన నూనె మాడి మసిగా గడ్డకడుతుంది. తక్కువ ఖర్చులో టర్బో డ్రిఫ్టు కారు కట్టాలని కలలు కనే కుర్రాళ్లు చదివే, చూసే వేదాలు రెండు: షుయిచి షిగెనో మంగా 'ఇనిషియల్ డి' (1995–2013), జస్టిన్ లిన్ సినిమా 'టోక్యో డ్రిఫ్ట్' (2006). మేస్త్రి మాట ఏ కథకు ఎక్కువ అర్థమవుతుందన్నదే నా కొలత.

రెండింటికీ పెద్దదిక్కు ఒక్కడే, జపాన్ డ్రిఫ్టు రేసరు కెయిచి త్సుచియా. మంగా యానిమేకు సలహాదారు. సినిమాలోనేమో గాలం వేసుకు కూర్చునే మనిషిగా ఓ మెరుపు మెరుస్తాడు.

డబ్బు వాసన తెలిసింది మంగాకే. కథానాయకుడు టకుమి మిత్రుడు ఇట్సుకి పెట్రోలు బంకులో కూలి చేసి కూడబెట్టి, 86 మోడలు కారు అనుకుని 85 మోడలు కొంటాడు. పైకి రెండూ ఒకటే. తీరా బానెట్ ఎత్తితే 1587 సీసీ ట్విన్ క్యామ్ ఉండాల్సిన చోట 1.5 లీటర్ల సింగిల్ క్యామ్! మిత్రులు నవ్వుతారు, వాడి ముఖం పాలిపోతుంది. సెకండ్‌హ్యాండు బండి కొని మోసపోయిన ప్రతివాడికీ ఆ ముఖం తెలుసు. అయితే షిగెనో కూడా ఓ చోట తొండి ఆడాడు. టకుమి ఇంజను పగిలిపోయేసరికి, టోఫు అమ్ముకునే తండ్రి దగ్గర 11,000 ఆర్పీఎం తిరిగే రేసు ఇంజను సిద్ధంగా ఉంటుంది. ఏ గల్లాపెట్టెలోంచి వచ్చిందో? పైగా దానికి టర్బో లేదు. టర్బో ఉన్నది ప్రత్యర్థి వటారు నడిపే లెవిన్ కారుకు. కాసేపు ఊరుకుని, ఒక్కసారిగా తన్నుకొచ్చే బూస్టు అది. తక్కువ ఖర్చు టర్బో అసలు స్వభావం అదే.

సినిమా ఈ లెక్కలేవీ అడగదు. పార్కింగ్ భవనంలో కథానాయకుడు షాన్, స్నేహితుడు హాన్ సిల్వియా కారును తుక్కు చేస్తాడు, అప్పు తీర్చడానికి హాన్ పనులు చేస్తాడు. తర్వాత ఆ తుక్కులోని 2.6 లీటర్ల ట్విన్ టర్బో ఇంజను 1967 మస్టాంగులో కూర్చుంటుంది. విరిగిన బండి ఇంజను తీసి ఇంకో బండికి పెట్టడం మన షెడ్లకు కొత్తేమీ కాదు. ఆ బుద్ధి నాకు నచ్చింది. కానీ మౌంట్లు, సంపు, రేడియేటరు, వైరింగు? అసలు పని అంతా అక్కడే, సినిమా అక్కడే పాటలా పరుగెత్తుతుంది.

మన ఎండ సంగతి రెండింటికీ పట్టదు. గాలిని కుక్కితే వేడెక్కుతుంది, ఆ వేడికి ఇంజను నాకింగుకు దిగుతుంది. టకుమి తెల్లవారకముందు చల్లటి కొండ దిగుతాడు. మే నెల మధ్యాహ్నం కర్నూలులో గాలి లోపలికి పోకముందే కాగి ఉంటుంది. ఇక్కడ ఇంటర్‌కూలరూ రేడియేటరూ కొన్నాక మిగిలిన డబ్బుతోనే టర్బో కొనాలి. డ్రిఫ్టుకు వెనక చక్రాలతో నడిచే బండి కావాలంటే పాత ఓమ్నీ, కాంటెస్సా వెతకాలి, ఇంజను మారిస్తే ఆర్టీఓ అనుమతి వేరు. గువ్వలచెరువు ఘాటులో ఆగేది పాలకోవా కోసమే. అక్కడ బండి పక్కకు జారితే ఎదురుగా లోడు లారీ ఉంటుంది.

మస్టాంగు కొండ దిగి గెలుస్తుంది, జనం చుట్టుముడతారు. నా చూపు మాత్రం షాన్ చేతి మీదే, కీ ఎప్పుడు తిప్పుతాడా అని.