దయానిధి – తల్లి నీడ

బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’లోని దయానిధిని విమర్శకులు తరచుగా హామ్లెట్‌తో పోల్చుదురు, కొందరు ఫ్రాయిడ్ సూత్రములతో సరిపెట్టుదురు. ఈ రెండును మాకు తృప్తి కలిగింపలేదు.

శైశవమున తల్లితో నేర్పడు అనుబంధమే పిమ్మట ఇతరులను విశ్వసించు తీరును నిర్ణయించునని జాన్ బౌల్బీ ప్రతిపాదించెను. ఆతని ప్రసిద్ధ నివేదిక 1951లో వెలువడినది. వయోజనుల ప్రణయమునకు దానిని హేజన్, షేవర్ అన్వయించినది 1987లో. నవల ‘నవోదయ’లో ధారావాహికముగా వచ్చినది 1946–47లో. కనుక రచయిత ఆ శాస్త్రమును చూచి పాత్రను మలచెననుటకు వీలులేదు.

అయినను అన్వయము కుదురును. దయానిధి కోమలిని కోరును, చేరువైనచో వెనుదీయును. ఇందిరను పెండ్లాడియు ఆమెతో కాపురము చేయలేడు. అమృతము ఆదరమున సేదదీరును, ఆమె పరుని ఇల్లాలు. అందని ప్రేమయే ఆతనికి నిరపాయము.

ఇంతవరకు బౌల్బీ చాలును. కాని దయానిధికి కొరవడినది తల్లి ప్రేమ కాదు. ఆమె శీలమును గూర్చి లోకము చెప్పుకొను మాటయే ఆ ప్రేమను కలుషితము గావించినది. ఆమెను ప్రేమించుట నిందను మోయుట. నిరాకరించుట తన్ను తాను నిరాకరించుకొనుట. మేరీ ఎయిన్స్‌వర్త్ పరీక్షలో తల్లీబిడ్డలున్న గదిలోనికి అపరిచితురాలొకతె వచ్చును గాని, ఆమె తల్లిని నిందింపదు! బుచ్చిబాబుగారి నవలలో ఆ మూడవ వ్యక్తి ఊరు. తల్లి ఇందు స్మృతిగానే ఎక్కువగా నిలుచుట లోపమని మే మనుకొనము. కుమారునకు సైతము ఆమె పరుల మాటల గుండనే కానవచ్చుచున్నది.