ఘంటసాల గీతలో గాంభీర్యం

‘సీరియస్’ అనే ఒక్క ఇంగ్లీషు మాటతో మనం ఎన్ని పనులో చేయించుకుంటున్నాం. నాన్నగారు సీరియస్ అయ్యారంటే కోపం. ఆసుపత్రిలో సీరియస్‌గా ఉందంటే ప్రాణం మీదికొచ్చిందని. పిల్లాడు సీరియస్‌గా చదువుతున్నాడంటే శ్రద్ధ. ఇంగ్లీషువాళ్లు గ్రేవ్, సాలెమ్, సోబర్ అని విడివిడిగా మాటలు పెట్టుకున్నారు. మొదటిదాంట్లో బరువుంది, రెండోదాంట్లో పూజవేళ నియమం, మూడోదాంట్లో మత్తు లేని తెలివి. మనకూ ఉన్నాయి. నింపాది నడకకి, నిబ్బరం గుండెకి. 1977 ఉప్పెన తర్వాత దివిసీమలో మిగిలినవాళ్లకి కావలసి వచ్చింది నిబ్బరమే. ఇక గంభీరానికి అసలర్థం లోతు. నిండుగా పారే కాలవని చూసినవాళ్లకి ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

ఈ తేడాలు నాకు నిఘంటువులో కన్నా ఘంటసాల భగవద్గీతలో బాగా తెలిశాయి. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టి, తండ్రి పాడే తరంగాలకి చిన్నప్పుడే చిందేసి, విజయనగరంలో ఇంటింటా మధుకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్న మనిషి ఆయన. 1974 ఫిబ్రవరి 11న పోయారు. గీత పాడింది చివరి ఏళ్లలో. ఏడు వందల శ్లోకాల్లోంచి వందకు పైగా ఏరి పాడి, తాత్పర్యం కూడా తానే చెప్పారు.

ఆ పనితనమంతా పాటకీ మాటకీ మధ్య ఉంది. శ్లోకం చివర రాగం ఇంకా సాగుతుందేమో అనుకుంటాం, సాగదు. అర్థం పూర్తయినచోట గొంతు దిగుతుంది. వెంటనే తాత్పర్యం. మాటలు గ్రాంథికానికి దగ్గరివే అయినా చెప్పే తీరు ఇంట్లో పెద్దాయన అరుగు మీద కూచుని చెప్పినట్టుంటుంది. పాత బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు ఆత్మ దేహం మారుస్తుందనే శ్లోకం వినండి. చావు గురించిన మాట అది. గొంతు వణకదు, ఓదార్చాలన్న ఆత్రమూ ఉండదు. పుష్పవిలాపంలో పువ్వు కోసం కన్నీళ్లు పెట్టించిన గొంతే ఇది. ఏడిపించడం చేతకాక కాదు, ఇక్కడ వద్దనుకున్నారు. అంత చేతనైనవాడు దాన్ని పక్కన పెట్టడమే నా దృష్టిలో ఈ రికార్డులో అన్నిటికన్నా గొప్ప విద్య.

మన ఊళ్లలో ఈ రికార్డుకి అన్యాయం జరిగింది. మైకులో గీత వినపడగానే “ఎవరు పోయారు?” అని వీధిలోకి వస్తాం. గాంభీర్యాన్ని విషాదమని పొరబడ్డాం. అర్జునుడి విషాదం మొదటి అధ్యాయంలోనే ఉంది. తక్కిన పదిహేడూ అతన్ని లేపి నిలబెట్టడానికి. ఎవరూ పోని రోజున, పొద్దున్నే, ఇంట్లో ఒకసారి పెట్టుకుని వినండి.