కార్డు ఇవ్వనన్న గురువు

సీజన్ మొదలైతే అండమాన్‌లో, డైరీ ఫార్మ్‌లోని మా ఇంటికి చుట్టాల తాకిడి. శ్రీకాకుళం నుంచి ఒకరు, వైజాగ్ నుంచి ఒకరు. సెల్యులార్ జైలు చూస్తారు, నార్త్ బేకి వెళ్లి స్కూబా చేస్తారు. స్కూబా గురించి అందరూ అడిగేవి రెండే. "ఎంతవుద్దన్నా? వీడియో అందులోనే కలిపిస్తారా?" నీళ్లలో వెనక నుంచి సిలిండర్ పట్టుకుని నడిపించే కుర్రాడు ఎవరో, అతనికి ఎవరు నేర్పారో ఇంతవరకూ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆ సరదా మునకకి అది చాలావరకు చెల్లిపోతుంది కూడా. లోతుకు హద్దు 12 మీటర్లు. ఏదైనా తేడా వస్తే ఊపిరి బిగబట్టకుండా మెల్లగా పైకి వచ్చేయడమే.

చెల్లనిది టెక్నికల్ డైవింగ్‌లో. మామూలు వినోద డైవింగ్ 40 మీటర్ల దగ్గర ఆగుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు నేరుగా పైకి రావచ్చుననే ధీమా మీద నడుస్తుంది. టెక్నికల్‌లో ఆ ధీమా లేదు. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టకుండా బయటపడాలంటే దారిలో ఆగి ఆగి రావాలి. 1908లో హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి ఇచ్చిన పట్టికలైనా, ఇప్పుడు చేతికి కట్టుకునే కంప్యూటరైనా చెప్పేది అదే. భయమేసినా, గాలి అయిపోవస్తున్నా, ఆగాల్సిన చోట ఆగాల్సిందే.

ఆ మధ్య మా తమ్ముడి స్నేహితుడొకడు హైదరాబాద్ నుంచి టెక్నికల్ కోర్సు కోసం వచ్చాడు. 45 మీటర్ల దాకా అనుమతించే డీకంప్రెషన్ కోర్సు. చివరి డైవుకి నేనూ తోడు దిగాను. 6 మీటర్ల దగ్గర ఆగినప్పుడు ఇన్‌స్ట్రక్టర్ మాస్కు తీసేయమని సైగ చేశాడు. కుర్రాడు తీశాడు. అక్కణ్నుంచి 4 మీటర్లకి తేలాడు, కంగారుపడి గాలి వదిలాడు, 8కి జారాడు. ఇన్‌స్ట్రక్టర్ ఒక చెయ్యి అతని పట్టీ మీదే ఉంచాడు. చూపు మాత్రం మొహం మీద లేదు, నోట్లో ఉన్న రెగ్యులేటర్ మీదే ఉంది.

పడవెక్కాక మాటలు హిందీలో నడిచాయి. "కొన్నాళ్లు సాధన చేసి రండి. సర్టిఫికెట్ కార్డు సంగతి అప్పుడు చూద్దాం."

"ఫీజంతా కట్టేశాను కద సార్!"

"అది నేర్పినందుకండీ."

ఆ రెండు మీటర్ల జారుడుకి ఇంత రాద్ధాంతమా అని మావాడు ఆ సాయంత్రమంతా రుసరుసలాడాడు. రాద్ధాంతం కాదు. అలా ఆగే చోట పీల్చడానికి తరచు ఇచ్చేది స్వచ్ఛమైన ఆక్సిజన్. 6 మీటర్ల దగ్గర దాని పీడనం 1.6 బార్, సాధారణంగా ఒప్పుకునే గరిష్ఠం అదే. 8 మీటర్లకి 1.8 అవుతుంది. అక్కడ ప్రాణవాయువే విషమై ఫిట్స్ తెప్పించవచ్చు. ఫిట్స్ వస్తే రెగ్యులేటర్ నోట్లోంచి జారుతుంది, మునిగిపోతాడు. ఇన్‌స్ట్రక్టర్ రెగ్యులేటర్ మీంచి చూపు తిప్పనిది అందుకు.

నేర్చుకునేవాడికి గురువు మంచివాడో కాదో తేల్చే తెలివి ఉండదు. తెలివి వచ్చేసరికి కోర్సు అయిపోతుంది. వంటమనిషి సంగతి మొదటి ముద్దలో తెలుస్తుంది. ఇక్కడ అలా తెలియదు, ఏమీ జరగని డైవులన్నీ బాగా నేర్పిన డైవుల్లాగే ఉంటాయి. డైవింగ్ సర్టిఫికెట్లిచ్చే పాడీ లాంటి పెద్ద సంస్థలో వినోద డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకి కనీసం 100 డైవులు ఉండాలి, డైవర్‌గా సర్టిఫికెట్ వచ్చి ఆరు నెలలు అయ్యుండాలి. టెక్నికల్ నేర్పాలంటే సంస్థలు ఇంకా ఎక్కువే అడుగుతాయి. అయినా అంకెలు చూసి మనిషిని నమ్మడం నాకు చేతకాదు. తలకింత అని లెక్కగట్టే సీజన్ వ్యాపారంలో, కార్డు ఇవ్వనని చెప్పి డబ్బు, మంచి పేరు రెండూ పోగొట్టుకోడానికి సిద్ధపడేవాడే నా లెక్కలో గురువు.

అలాంటివాడు లెక్కలు కూడా వేయిస్తాడు. "సిలిండర్‌లో 50 బార్ మిగిల్చుకుని పడవ దగ్గరికి రండి" అనడంతో సరిపెట్టడు. 30 మీటర్ల లోతులో మీ జతగాడి గాలి అయిపోయింది, ఇద్దరూ మీ సిలిండర్ మీదే పైకి రావాలి అనుకోండి. కంగారులో ఒక్కొక్కరు పైన నిమిషానికి 30 లీటర్లు పీల్చే తీరులో ఉంటే, నాలుగు బార్ల పీడనంలో ఇద్దరికీ కలిపి నిమిషానికి 240. సర్దుకోడానికి ఒక నిమిషం. నిమిషానికి 9 మీటర్ల చొప్పున ఎక్కడానికి మరో 500 లీటర్లు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగితే 270. మొత్తం వెయ్యి పైచిలుకు. 12 లీటర్ల సిలిండర్‌లో అది దాదాపు 84 బార్. పలకమీద ఈ లెక్క వేయించని ఇన్‌స్ట్రక్టర్ దగ్గర 45 మీటర్లకి దిగడం నాకైతే తిక్కపనే.

ఈ క్రమశిక్షణ ప్రమాదాల నుంచి పుట్టింది. అమెరికా గుహల్లో చనిపోయినవాళ్ల ఉదంతాలను విడదీసి చూసి 1979లో గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ పుస్తకం రాశాడు. ఒడ్డు దాకా తాడు లేకపోవడం, తిరుగు దారికి మూడింట రెండు వంతుల గాలి మిగల్చకపోవడం, మరీ లోతుకు పోవడం: మళ్లీ మళ్లీ కనిపించినవి ఇవే. 1994లో మెక్సికోలోని సకటోన్ బావిలో ఆయనే పోయాడు.

క్రమశిక్షణ తప్పితే ఏమవుతుందో ఇంకో ఉదంతం చెబుతుంది. 2020 నవంబర్ 1న అమెరికా మోంటానాలోని లేక్ మెక్‌డొనాల్డ్‌లో శిక్షణ డైవులో 18 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. అది టెక్నికల్ డైవు కాదు. ఆమె వేసుకున్న డ్రైసూట్‌లోకి గాలి పంపే గొట్టమే తగిలించలేదు. లోతుకు పోయేకొద్దీ సూటు ఒంటిని నొక్కేసింది. దానికి తోడు జేబుల్లో 44 పౌండ్ల సీసం, సులువుగా విదిలించుకోలేని విధంగా. కుటుంబం ఇన్‌స్ట్రక్టర్ మీద, డైవ్ షాపు మీద, సర్టిఫికేషన్ సంస్థ మీద దావా వేసింది. గొట్టం లేదన్న సంగతి ఒడ్డునే, పట్టుమని ఒక నిమిషం చూస్తే కనిపించేది.

కోర్సుకి ముందు అందరిచేతా సంతకం పెట్టించుకునే కాగితం ఒకటుంది: ప్రమాదం సంగతి తెలిసే దిగుతున్నాను, ఎవరికీ బాధ్యత లేదు అని. సముద్రం వల్ల వచ్చే ప్రమాదాన్ని నేను ఒప్పుకుంటాను, సంతకం పెడతాను. గొట్టం చూడకపోవడం సముద్రం చేసిన పని కాదు కదా. ఇక్కడి జంగ్లీఘాట్ రేవులో మన ఉత్తరాంధ్ర సరంగులెవర్నైనా అడగండి, గాలి తిరిగిన రోజు పడవ తీసినందుకు కూలీల దగ్గర సంతకాలున్నాయని చెప్పుకునేవాడు ఒక్కడైనా ఉంటాడేమో చూడండి.

ఇక్కడ ఇంకో చిక్కు. ఒంట్లో బుడగలు కట్టినవాళ్లకి వైద్యం చేసే రీకంప్రెషన్ ఛాంబర్ మా ఊళ్లోనే, నేవీవారి ధన్వంతరి ఆసుపత్రిలో ఉంది. డైవ్ షాపులు ఎక్కువగా ఉన్నది స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హావ్‌లాక్‌లో. మధ్యలో సముద్రం, రోజూ చీకటి పడేసరికి ఆగిపోయే ఫెర్రీలు. కాబట్టి మావాడు మళ్లీ వస్తానన్నప్పుడు ఒకటే చెప్పాను. ఈసారి ఎవరి దగ్గర చేరినా, పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడుందో చూపించమను, వాల్వు తిప్పి ప్రెషర్ చూపించమను, చివరి ఫెర్రీ తర్వాత ఎవరికి ఫోన్ చేస్తారో అడుగు. విసుక్కుంటే కట్టిన డబ్బు వదులుకుని పడవ దిగిపో.