ఖాళీ గడి

మా అపార్ట్‌మెంట్ మిద్దె మీదికి వెళ్లే ఇనప తలుపుకి ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. లెక్క ప్రకారం తాళంచెవులు రెండే. ఒకటి అసోసియేషన్ సెక్రటరీ గారి దగ్గర, రెండోది నా దగ్గర. 2023 జులైలో హైదరాబాద్‌లో టమాటా కిలో 150 రూపాయలు దాటినప్పుడు, చాలామందికి లాగే నాకూ ఆవేశం వచ్చింది. మిద్దె మీద ఓ మూల నలభై కుండీలు పెట్టుకుంటానని అసోసియేషన్‌ని బతిమాలాను. స్లాబు కారితే బాగుచేయించే ఖర్చు నాదేనని సంతకం పెట్టి ఆ రెండో చెవి సంపాదించాను. పట్టాదారు పాసుపుస్తకం చేతికొచ్చినంత సంబరం. ఈమధ్య మాత్రం దాన్ని జేబులో వేసుకుంటుంటే కాస్త సిగ్గుగా ఉంటోంది. ఆ సంగతి చెప్పాలంటే మట్టి దగ్గర మొదలుపెట్టాలి.

తోట పురుగు తొలిచినవాడు ముందు విత్తనాల ప్యాకెట్లు కొంటాడు. నేనూ కొన్నాను. బెండ, బీర, సొర, పాలకూర, గోంగూర. మట్టి ఎర్రగా ఉంటే చాలనుకుని పాతిక సంచులు ఫోన్లోనే చెప్పి తెప్పించాను. లిఫ్టులో మట్టి ఎక్కించకూడదు కాబట్టి కూలి మాట్లాడి మెట్ల మీదుగా మోయించాను. ఏం జరుగుతోందో చూద్దామని మా వాచ్‌మన్ కొడుకు పైకొచ్చాడు. అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఒక సంచి మూతి విప్పి, గుప్పెడు తీసి, పిడికిట్లో నొక్కి, వేళ్లు విప్పి చూశాడు.

"ఇది మట్టి గాదు సార్, మల్బా."

కూల్చిన ఇళ్ల చెత్తకు ఈ ఊళ్లో అదే పేరు. అరచెయ్యి నా ముందు పెట్టాడు. గోరంత టైలు ముక్క, సున్నపు పెళ్ల, కరెంటు వైరు తొడుగు. పక్క సందులో ఇల్లు కడుతున్నవాళ్ల దగ్గర ఇసక జల్లెడ అడిగి తెచ్చాడు. మూడు సాయంత్రాలు జల్లించాం. పాతిక సంచులు పదహారయ్యాయి.

వాళ్ల తాతది నాగర్‌కర్నూలు వైపు మూడెకరాల చెలక. బోరు ఎండిపోయాక వాళ్ల నాన్న పట్నం వచ్చి గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. చేను పోయినా చేతుల్లోని తెలివి పోలేదు, కొడుకు దాకా వచ్చింది. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, కుండీకి గుప్పెడు వేపపిండి. ఈ లెక్క నేను వీడియోల్లో నేర్చుకున్నాను. లెక్క కుదిరిందో లేదో చూసే పరీక్ష అతను నేర్పాడు. గుప్పిట పట్టి పిసికితే ముద్ద కట్టాలి, బొటనవేలితో తడితే విడిపోవాలి. ముద్ద కట్టకపోతే నీరు నిలవదు, విడిపోకపోతే వేరు పారదు.

బరువు సంగతి ఒక ఇంజనీరు మిత్రుడు చెప్పాడు. తడిసిన మట్టి ఘనపు మీటరు ఒకటిన్నర టన్నుకు పైనే తూగుతుంది. అడుగు లోతు పరిస్తే చదరపు మీటరుకి 450 కిలోలు. మనుషులు తిరిగే మిద్దెకి మామూలుగా వేసే లెక్క చదరపు మీటరుకి 150 కిలోలే. అందుకే కొబ్బరిపొట్టు కలిపి తేలిక చేస్తారు, బరువైన కుండీల్ని నడిమధ్య వదిలేసి దూలాల మీదికి, స్తంభాల దగ్గరికి జరుపుతారు. తోట పెట్టాలంటే కాళ్ల కింద ఏముందో తెలియాలి.

బీర పందిరి మొదటి ఏడాది నిండా పూసినా, ముందు ఒక్క కాయ ఇవ్వలేదు. మా ఆరో అంతస్తు మిద్దె మీదికి తేనెటీగలు పెద్దగా రాలేదు. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. కుర్రాడు కాలేజీ నుంచి వచ్చి, సైకిలు నీడలో పెట్టి, నా దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని పైకెళ్లేవాడు. ఓ మగపువ్వు తెంపి, పసుపు రేకులు వెనక్కి విరిచి, అడుగున వేలెడు పిందె ఉన్న ఆడపువ్వుకి మెత్తగా తాకించేవాడు. బిడ్డకి బొట్టు పెట్టినట్టుండేది. మూడో రోజుకి పిందె సాగితే కాయ నిలిచినట్టు, పసుపెక్కితే పోయినట్టు. ఆ ఏడాది మేం తిన్న ప్రతి బీరకాయా అతని వేళ్ల మీదుగా వచ్చిందే. నేను ఏమిచ్చాను? పండక్కి చొక్కా, అప్పుడప్పుడూ ఓ సంచెడు పాలకూర. దాన్ని చనువనుకున్నాను.

రెండో ఏడాది వానల్లో గోంగూర విరగకాసింది. కోసినకొద్దీ చిగురేస్తోంది. ఫ్లాట్లన్నిటికీ ఊరికే పంచాం. అందరూ మెచ్చుకున్నారు. మూడో కోతకి కుర్రాడు, "కట్ట పది రూపాయలకి అమ్ముత సార్" అన్నాడు. వాట్సాప్ గ్రూపులో నా చేతే మెసేజ్ పెట్టించాడు. రెండు వారాలు బాగానే నడిచింది. మూడో వారం అసోసియేషన్ మీటింగులో ఒకరు లేచి, అందరిదీ అయిన మిద్దె మీద వ్యాపారమేమిటన్నారు. ఊరికే ఇచ్చినప్పుడు పచ్చడి చేసుకుని ఫొటో పెట్టినవారే. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నోరు మెదపలేదు. పది రూపాయల గురించి గొడవెందుకని సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం నుంచి కుర్రాడు తాళంచెవి అడగలేదు. బీరపువ్వులు విచ్చుకుని వాడిపోయాయి.

ఆ ఖాళీ సాయంత్రాల్లో, వేరే ఊళ్లలో కుర్రాళ్లతో సేద్యం ఎలా చేయిస్తున్నారో చదవడం మొదలుపెట్టాను. అమెరికాలోని బోస్టన్‌లో డడ్లీ వీధి చుట్టూ ఉన్న పేటది కూడా మల్బా కథే. 1980ల నాటికి అక్కడ వెయ్యికి పైగా స్థలాలు ఖాళీగా పడి ఉన్నాయి. పెట్టుబడి రాక, కొన్ని ఇళ్లకి బీమా డబ్బు కోసం యజమానులే నిప్పు పెట్టుకోగా మిగిలిన బూడిద అది. ఊరందరి చెత్తా అక్కడే పోసేవారు. 1984లో పేటవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. 1988 నాటికి, మామూలుగా ప్రభుత్వానికే ఉండే భూసేకరణ అధికారాన్ని తమ పేట మేరకు నగరం నుంచి సాధించారు. సేకరించిన భూమి ఎవరి సొంతమూ కాకుండా ఉమ్మడి ట్రస్టు కింద పెట్టారు. తాళంచెవి కోసం బతిమాలుకోలేదు, తలుపునే తమ పేర రాయించుకున్నారు.

ఆ ఖాళీ స్థలాల్లో కొన్నిటిని సాగులోకి తెచ్చిన సంస్థ పేరు ఫుడ్ ప్రాజెక్ట్. 1991లో బోస్టన్ శివారు లింకన్‌లో మొదలై, తర్వాత డడ్లీకి వచ్చింది. అక్కడా మొదటి పని మట్టి బాగుచెయ్యడమే. పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకి ఆ రంగులు వెయ్యడాన్ని అమెరికా 1978లో నిషేధించినా, అప్పటికే రాలిన పెచ్చులన్నీ నేలలో చేరిపోయాయి. కాబట్టి కంపోస్టు తెచ్చి, నేల మీద ఎత్తు మళ్లు కట్టి పండించాల్సి వచ్చింది. పండినదాంట్లో కొంత పేటలోనే చవగ్గా అమ్ముతారు, కొంత నిలువ నీడ లేనివాళ్లకి అన్నం పెట్టే వంటశాలలకి పంపుతారు.

ఇంత వరకూ మన దగ్గరా ఎవరైనా చెయ్యగలరు. నన్ను పట్టి ఆపింది జీతం. అక్కడ పనిచేసేది 14 నుంచి 17 ఏళ్ల పిల్లలు. నగరం బీద పేటల నుంచి కొందరు, డబ్బున్న శివార్ల నుంచి కొందరు. వాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి, ఎంపికవ్వాలి. ఎంపికైతే ఉద్యోగమే, వేళకి రావాలి. ఒకరి పనిలో మంచీ చెడ్డా ఇంకొకరు మొహం మీదే చెప్పుకునే కూటాలు ఉంటాయి. శివారు పిల్లా పేట పిల్లాడూ ఒకే మడిలో కలుపు తీసి ఒకే లెక్కన జీతం తీసుకుంటారు. మన దగ్గర పిల్లల చేత మొక్క పట్టించి ఫొటో తీయించడం తెలుసు. ఆ మొక్కకి మర్నాడు నీళ్లెవరు పోశారో ఫొటోలో ఉండదు. జీతం పుచ్చుకున్న పిల్లాడు మర్నాడు రాకపోతే ఎందుకు రాలేదని అడిగే హక్కు ఒకరికి ఉంటుంది. రానని చెప్పే హక్కు అతనికీ ఉంటుంది. మా కుర్రాడికి నేనిచ్చిన చనువులో ఈ రెండూ లేవు.

అమెరికాలో అంతా సవ్యంగా నడిచిందనుకుంటే పొరపాటు. మిల్వాకీ నగరంలో విల్ అలెన్ అనే నల్లజాతి మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. తండ్రి కౌలు సేద్యం చేసి బతికినవాడు. మట్టి వాసన వదిలించుకోవడానికే ఆటలోకి వెళ్లిన కొడుకు, 1993లో నగరం లోపల మూతపడబోతున్న ఓ పాత గ్రీన్‌హౌస్ స్థలం కొన్నాడు. దగ్గర్లోనే బీదలకి ప్రభుత్వం కట్టించిన పెద్ద గృహసముదాయం. చుట్టుపక్కల తాజా కూరగాయ దొరికే కొట్టు లేదు. ఆ ఇళ్ల పిల్లలు తోటలోకి వచ్చారు. అలెన్ పెట్టుబడంతా ఎర్ర వానపాములే. మిల్వాకీ బీరు కంపెనీల ఊరు. పిండిన ధాన్యపు తుక్కు, కూరగాయల చెత్త గుట్టలు పోసి కంపోస్టు చేశాడు. మంచు కురిసే చలికాలంలో ఆ గుట్టల్ని గ్రీన్‌హౌస్ గోడలకి ఆనించి, కుళ్లుతున్నప్పుడు పుట్టే వేడితోనే ఆకుకూరలు కాపాడాడు. చేపల తొట్టి నీళ్లు మొక్కలకి, మొక్కలు శుభ్రం చేసిన నీళ్లు మళ్లీ చేపలకి. 2008లో 5 లక్షల డాలర్ల మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. దేశమంతా వచ్చి చూసి నేర్చుకుంది.

2017లో అలెన్ నడిపిన సంస్థ అప్పుల్లో మూతపడింది.

ఆ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆకుకూర అమ్మిన డబ్బుతో పిల్లల జీతాలు, శిక్షణ, కరెంటు బిల్లు, అన్నీ గడవాలంటే గడవవు. పాలకూర కట్ట ధర పాలకూరకే సరిపోతుంది, పిల్లాణ్ణి మనిషిని చేసే ఖర్చు అందులో ఇమడదు. ఆ ఖర్చు ఇంకెవరో పెట్టుకోవాలి. నగరమో, దాతలో, అసోసియేషనో. ఈ మాట ఒప్పుకోకుండా కుర్రాళ్లని సేద్యంలోకి రమ్మంటే, చెలకలో మా కుర్రాడి తాతకి జరిగిందే మిద్దె మీద మళ్లీ జరుగుతుంది.

మన దగ్గరా పని జరగలేదని అనను. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు పల్లె కూరగాయని దళారి చెయ్యి పడకుండా పట్నం సంచిలోకి చేర్చాయి. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి మిద్దెని తోట చేసి చూపించి, ఎంతోమందికి ఆ పిచ్చి అంటించారు. నాకూ అటునుంచే అంటింది. అయితే మిద్దెతోట పెట్టాలంటే మిద్దె ఉండాలి. బస్తీలో పది బై పది గదికి అద్దె కట్టేవాళ్లకి, సెల్లార్‌లో మెట్ల కింద కాపురముండే వాచ్‌మన్ కుటుంబానికి మిద్దె ఎక్కడిది? టమాటా 150 అయినప్పుడు నాకు కోపం వచ్చింది. వాళ్లింట్లో ఆ నెల చారు మారింది, చింతపండుతో సరిపెట్టుకున్నారు. నిజానికి ఆ ధర భారం కానివాడికి కుండీలు వచ్చాయి, భారమైనవాడు వాటికి నీళ్లు పోశాడు.

మొన్న వేసవిలో కుర్రాణ్ణి కూర్చోబెట్టి, మీటింగులో మాట్లాడకపోవడం నా తప్పేనన్నాను. నలభైలో ఇరవై కుండీలు నీవి, ఏం పండించుకుంటావో ఎవరికి అమ్ముకుంటావో నీ ఇష్టమన్నాను. మిద్దె మీద అమ్మకం వద్దన్నారు గాని, గేటు బయట వద్దనలేదు కదా! తాళంచెవికి నకలు చేయించి ఇచ్చాను. సెక్రటరీ గారు ఆదివారం పేపరు చదవరనే ధైర్యంతో ఈ మాట రాస్తున్నాను. బోస్టన్ పిల్లల సంగతీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఓ రూళ్ల నోటుబుక్కు కొనిచ్చి లెక్క రాయమన్నాను.

నెల తర్వాత తెచ్చి చూపించాడు. గీతలు కొట్టి గళ్లు చేశాడు. గోంగూర 14 కట్టలు, 140. పాలకూర 9 కట్టలు, 90. వేపపిండి, 60. విత్తనాలు, 40. నీళ్లు, అసోసియేషన్‌వి. చివర "కూలి" అని రాసి ఉంది. దాని ఎదుట గడి ఖాళీ.

"ఇదేంటి, రాయలేదేం?" అన్నాను.

"బోస్టన్ల గంటకెంతిస్తరు సార్?"

అతను నవ్వుతూనే అడిగాడు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. ఖర్చులు పోను మిగిలింది 130 రూపాయలు. రోజుకి గంట చొప్పున నెలకి ముప్ఫై గంటలు. గంటకి నాలుగు రూపాయల చిల్లర. ఆ అంకె పైకి అనలేక పుస్తకం మూసి అతని చేతికిచ్చాను. అతను దాన్ని చంకలో పెట్టుకుని పైకెళ్లాడు. బీరపువ్వు విచ్చుకునే వేళయింది.