రెండు వారాల తర్వాత రక్తం

కాన్పయిన 24 గంటలు దాటాక, 12 వారాల లోపు ఎప్పుడైనా రక్తం ఎక్కువగా పోతే అది ఆలస్యపు రక్తస్రావం. చాలామందిలో కారణం లోపల మిగిలిన మాయ ముక్క, లేదా ఇన్‌ఫెక్షన్. అరుదుగా కొందరిలో తప్పు రక్తనాళానిదే. పెద్దాపరేషన్‌లో కోతో కుట్టో తగిలి గర్భాశయ ధమని గోడ చిట్లితే, కారిన రక్తం చుట్టూ ఉన్న కండలో తిత్తిలా నిలుస్తుంది. దాన్నే సూడో అన్యూరిజం అంటారు. మామూలు కాన్పులోనూ ఇది రావచ్చు. ధమని గోడకుండే మూడు పొరల బలం ఈ తిత్తికి లేదు కాబట్టి పగిలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

పగిలేనాటికి బాలింత తరచుగా నెల్లూరు జిల్లా మైపాడులోనో జువ్వలదిన్నెలోనో పుట్టింట ఉంటుంది. ఒక్కసారిగా గుడ్డలు తడిసి ముద్దవుతాయి, కాసేపటికి ఆగిపోతుంది. ‘చెడు రక్తం పోతోందిలే’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. గడ్డకట్టిన రక్తం అడ్డుపడి ఆగిందంతే, మళ్లీ పోస్తుంది. 108కి ఫోన్ చేయాల్సింది మొదటిసారే.

ఆస్పత్రిలో ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. మాయ ముక్కేననుకుని క్యూరెటింగ్‌కు దిగి, తిత్తి ఉన్నచోట గీకితే రక్తం ఆపడం గగనమవుతుంది. మనిషి నిలకడగా ఉంటే ముందు కలర్ డాప్లర్ చూడాల్సిందే. మామూలు స్కాన్‌లో నల్లటి నీటిబుడగలా ఉన్నది, డాప్లర్ వేయగానే సగం ఎరుపు, సగం నీలంగా సుడి తిరుగుతుంది. ధమని, సిర నేరుగా కలిసిపోయిన ఏవీఎంలోనైతే రంగులు కలగాపులగంగా మెరుస్తాయి, రక్తం వేగంగా పారుతుంది. సందేహం తీరకపోతే సీటీ యాంజియో.

వైద్యం ఎంబొలైజేషన్. తొడ మొదట్లోని ధమని గుండా సన్నటి గొట్టాన్ని ఎక్స్‌రే తెర మీద చూస్తూ గర్భాశయ ధమని దాకా నడుపుతారు. జెలటిన్ స్పాంజిని చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఎక్స్‌రేలో కనబడే మందుతో సిరంజిలో కలిపి వదులుతారు. అది కొన్ని వారాల్లో కరిగిపోతుంది. అవసరాన్నిబట్టి లోహపు కాయిల్ గానీ జిగురు గానీ వాడతారు. గర్భసంచి దక్కుతుంది, మళ్లీ గర్భం నిలిచే అవకాశమూ ఉంటుంది. దీనికి క్యాథ్‌ల్యాబ్, చేయి తిరిగిన ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు కావాలి. అవి దగ్గర్లో లేకపోతే చెన్నై పంపాలి, నెల్లూరు నుంచి దాదాపు 175 కిలోమీటర్లు. అంత దూరం పంపాలంటే ముందు రక్తం ఎక్కించి, బీపీ నిలబెట్టాలి. బీపీ నిలవకపోతే స్కాన్ కోసం ఆగకుండా ఆపరేషన్ చేసి ధమనికి ముడి వేయడమో, తప్పనప్పుడు గర్భసంచి తీయడమో చేస్తారు.

డాప్లర్‌లో ఏవీఎంలా కనిపించినవన్నీ ఏవీఎంలు కావు. మాయ అంటుకున్నచోట నాళాలు ఇంకా సర్దుకోకపోయినా అలాగే మెరుస్తాయి. రక్తం పోకపోతే వాటి జోలికి వెళ్లకుండా, కొన్ని వారాలకు మళ్లీ స్కాన్ చేసి చూస్తారు. చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి.