తీజ్ బుట్టకు బడిలో చోటుందా?

పల్నాడులో నానా సంస్కృతుల పిల్లలు కలిసి చదివే సర్కారు హైస్కూలు ఏదని అడిగితే చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉన్న జవహర్ నవోదయ విద్యాలయాన్నే ముందు చెప్పుకోవాలి. 1986 జాతీయ విద్యావిధానం తెచ్చిన బడుల కోవలోది అది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా చదువు, తిండి, పడక అన్నీ అక్కడే. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలవి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి 30 శాతం మందిని ఒక ఏడాదికి హిందీ రాష్ట్రాల నవోదయకు పంపి, అక్కడి పిల్లలను ఇక్కడికి తెస్తారు. పైగా సంగీతానికో టీచరు, చిత్రలేఖనానికో టీచరు ఉండాలని ఈ బడుల పోస్టుల లెక్కలోనే ఉంది. మన మండలాల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పాట నేర్పే టీచరును ఎందరం చూశాం?

అందుకే ఈ నమూనాను తీసిపారేయలేం. ఎక్కడో ఉత్తరాది పల్లెలో పుట్టిన పిల్ల ఏడాది పాటు తెలుగు వింటుంది, మన పిల్ల అక్కడి మాట వింటుంది. దేశం గురించి పాఠం చెప్పడం కంటే ఇది మేలు.

అయితే ఈ లెక్కలో సంస్కృతి అంటే రాష్ట్రం. బొల్లాపల్లి వైపు తండా నుంచి వెళ్లిన పిల్ల 'తెలుగు పిల్ల'గానే లెక్కకు వస్తుంది. ఇంట్లో ఆమె మాట్లాడేది గోర్ బోలి. తెలుగు ఆమెకు బడి భాష, సంత భాష. అంటే బడిలో అడుగుపెట్టిన రోజే ఆ పిల్లకు ఒక భాషా మార్పిడి జరిగిపోయింది, దాన్ని ఎవరూ గుర్తించలేదు. ఎరుకల పిల్లల సంగతి కూడా ఇంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయి, అందులో బంజారా కూడా ఉంది. ఆ ఆలోచన హైస్కూలు గడప తొక్కలేదు.

గిరిజనుల కోసమే పెట్టిన ఏకలవ్య ఆదర్శ పాఠశాలల్లోనూ సంగీతం, చిత్రకళ టీచర్ల పోస్టులున్నాయి. కానీ 2018లో పెట్టిన నియమం ప్రకారం గిరిజనులు సగానికి మించి, కనీసం 20,000 మంది ఉన్న బ్లాకుకే ఆ బడి. మన్యానికి సరిపోయే కొలత ఇది. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల తండాలు మైదానపు ఊళ్ల మధ్య చెదిరి ఉన్నాయి. చెదిరి ఉన్నవాళ్లకు ఆ గీటు అందడం కష్టం.

ఇక కళ దగ్గరికి వద్దాం. చాలా బడుల్లో మన కళ కనిపించేది వార్షికోత్సవం నాడే. అద్దాల గాగ్రా అద్దెకు వస్తుంది, పాట స్పీకరులోంచి వస్తుంది, నాలుగు నిమిషాల్లో 'లంబాడీ డ్యాన్స్' అయిపోతుంది. ఆ ఫేటియా, కాంచళి మీద అద్దం కుట్టడం వచ్చిన తల్లి ప్రేక్షకుల్లో చివరి వరుసలో కూర్చుని ఉంటుంది. అద్దం చుట్టూ దారం ఎలా తిప్పితే ఊడదో ఆమెను ఎవరూ అడగరు. అది లెక్కల పాఠం కూడా, చూసే కన్నుంటే.

నా అసలు ఫిర్యాదు ఇంకొకటి. హాస్టలు బడి పిల్లను తండా నుంచి తీసుకుపోయేది సరిగ్గా పాట పట్టుకునే వయసులో. తీజ్ తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, నీళ్లు పోసి, మొలకల చుట్టూ పాడతారు. ఆ రోజుల్లో మన అమ్మాయిలు స్టడీ అవర్‌లో ఉంటారు. పెళ్లికూతురు ఏడుస్తూ పాడే ఢావ్లో పాట నోట్సు రాసుకుంటే వచ్చేది కాదు, పెద్దవాళ్ల భుజం పట్టుకుని పాడితే వచ్చేది. అయిదేళ్లు బయట ఉన్న పిల్లకు పదో తరగతి సర్టిఫికెట్ వస్తుంది, ఢావ్లో రాదు. చదువు మానమని ఎవరంటారు? నేననను. కళలకు పెద్దపీట వేశామని చెప్పుకునే బడి ఈ నష్టాన్ని తన ఖాతాలో రాసుకోవాలంటాను.

కారంపూడి వీరుల తిరునాళ్లకు వెళ్లినవాళ్లకు తెలుసు, వీరవిద్యావంతులు పల్నాటి కథను పాడుతూ నిలబెట్టారు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకున్నాడని, అన్ని కులాలను ఒక చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పేది ఆ కథే. మన గురుకులాల భోజనశాలల్లో చాపకూడు ఉంది. పాటల గదికి అది ఇంకా రాలేదు.

దారి మూసుకుపోలేదు. 2020 జాతీయ విద్యావిధానం స్థానిక కళాకారులను, చేతిపనివాళ్లను బడిలో బోధకులుగా పెట్టుకోవచ్చని చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోమనీ చెప్పింది. ఆ పది రోజులను తీజ్ తొమ్మిది రోజులతో కలపడానికి కొత్త జీవో ఎందుకు? హెడ్మాస్టరు, తండా నాయక్ ఒకసారి కూర్చుంటే చాలు. ఎరుకల ఇంట్లో ఈత బరిగెల అల్లిక, తండాలో అద్దాల కుట్టు, పిల్లలు రాసుకొచ్చిన పాటలు తెలుగు లిపిలో ఒక నోటుబుక్కు. గోర్ బోలికి సొంత లిపి లేదని ఆగనక్కర్లేదు.

చిక్కు వచ్చేది డబ్బు దగ్గర. డిప్లొమా ఉన్న సంగీతం టీచరుకు జీతం, నూరు పాటలు వచ్చిన యాడికి శాలువా. శాలువా చాలు. పీరియడ్‌కు ఇంత అని రాసి, ఆమె చేత వేలిముద్ర వేయించుకుని గౌరవ వేతనం ఇచ్చే రిజిస్టరు పల్నాడులో ముందుగా ఏ బడి తెరుస్తుందో, ఆ బడి టీచర్లు మనకు రాయాలి.